రెండు చోట్ల కొట్టే రైఫిల్: 1976 నాటి రూగర్ ఎం77వీ కేస్

టార్గెట్ కాగితం మీద ఐదు రంధ్రాలు. మూడు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పైన ఉన్నాయి. మిగతా రెండు అంగుళంన్నర కిందికి, కొంచెం కుడికి, జంటగా ఉన్నాయి. వంద గజాల నుంచి, ఇసుక సంచుల మీద ఆనించి కొట్టినవి. గ్రూప్, అంటే బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం, 1.9 అంగుళాలు. పాడైపోయిన రైఫిల్ అయితే ఐదూ ఐదు దిక్కులకు పోతాయి. ఇది అలా కాదు. చక్కగా కొడుతోంది, కానీ రెండు చోట్ల కొడుతోంది. ఎనిమిది నెలలు వెతికి తెచ్చిన రైఫిల్ మొదటి రోజు ఇచ్చిన ఫలితం ఇది.

నేను అమెరికాలోని వయోమింగ్‌లో గన్‌స్మిత్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, పనిచేస్తున్నాను. చదివింది మెకానికల్. పదేళ్లు టూల్‌రూమ్‌లో లేతు, మిల్లింగ్ మెషీన్ల మధ్య గడిపి ఇటు వచ్చాను. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. తయారీ ఆగిపోయిన రైఫిల్‌ని మనకు కావలసినట్టు మార్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఏమేం కొనాలా అని లిస్టు రాస్తారు. ఈ కేసులో ఫలితం కొన్న వస్తువుల వల్ల రాలేదు. పాత యజమాని చేసిన పనిని విప్పితే వచ్చింది. ఆ విప్పే క్రమంలో నేనూ ఒక తప్పు చేశాను, అది కూడా రాస్తాను.

కస్టమర్ రైల్వేలో రిటైరైన పెద్దాయన. ఏటా వేసవిలో ప్రెయిరీ డాగ్‌ల వేటకు వెళ్తాడు. పేరులో డాగ్ ఉన్నా అవి కుక్కలు కావు, ఉడుత జాతివి. పచ్చిక మైదానాల్లో బొరియలు తవ్వి ఊళ్లకు ఊళ్లు కట్టుకుంటాయి, పశువుల మేత తినేస్తాయి. ఇలాంటి వాటినే ఇక్కడ వార్మింట్ అంటారు. రెండు వందలు, మూడు వందల గజాల దూరంలో గుప్పెడంత లక్ష్యం. అందుకే వార్మింట్ రైఫిల్‌కి బరువైన, లావుపాటి బ్యారెల్ ఉంటుంది. చిన్న బుల్లెట్‌ని మహా వేగంగా పంపుతుంది. భుజాన వేసుకుని కొండలెక్కడానికి పనికిరాదు, కూర్చుని కొట్టడానికే.

ఆయనకు కావలసింది రూగర్ కంపెనీ రైఫిల్ ఎం77వీ, 22-250 క్యాలిబర్, అంటే 22-250 అనే తూటా పట్టేది. అదీ 1976లో తయారైనదే కావాలి. ఆ ఏడాది రూగర్ తన తుపాకుల మీద ఒక వాక్యం అచ్చు కొట్టింది, "అమెరికా స్వాతంత్ర్యపు 200వ ఏట తయారైనది" అని. ఆయన తండ్రి దగ్గర అలాంటిదే ఉండేదట, ఎప్పుడో అమ్మేశారట. కాబట్టి మొదటి షరతు మొదటి రోజే తేలిపోయింది. ఆ వాక్యం ఉన్నది బ్యారెల్ మీద. బ్యారెల్ మార్చే ప్రసక్తి లేదు.

ఈ మోడల్ గురించి కొంచెం చెప్పాలి. ఎం77 1968లో వచ్చింది. డిజైన్ జిమ్ సలివన్‌ది. స్టాక్, అంటే లోహమంతా కూర్చునే కట్టె భాగం, దాని రూపం లెన్ బ్రౌనెల్‌ది. సేఫ్టీ బొటనవేలి కింద, రిసీవర్ (బ్యారెల్ బిగించే లోహపు పెట్టె) తోక మీద జరిగేది. దాన్నే ట్యాంగ్ సేఫ్టీ అంటారు. 1990ల మొదట్లో దాని స్థానంలోకి మార్క్ 2 పూర్తిగా వచ్చేసింది, సేఫ్టీ బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) వెనక భాగానికి మారిపోయింది. దాంతో రెండిటి స్టాకులూ, ట్రిగర్లూ ఒకదానికొకటి సరిపోకుండా పోయాయి. బజార్లో "రూగర్ 77కి సరిపోతుంది" అని అమ్మే వాటిలో చాలావరకు మార్క్ 2వే. చూసుకోకుండా ఆర్డర్ పెట్టి, వచ్చాక తల పట్టుకుని నా షాపుకొచ్చేవాళ్లు ఏడాదికి ముగ్గురు నలుగురు ఉంటారు.

22-250 కథ ఇంకా పాతది. 1915లో వచ్చిన 250-3000 శావేజ్ తూటా మెడను 22 క్యాలిబర్ బుల్లెట్ పట్టేలా నొక్కి, షూటర్లు సొంతంగా చేసుకున్న తూటా అది. దశాబ్దాల పాటు ఏ కంపెనీ ముద్రా లేకుండానే బతికింది. 1965లో రెమింగ్టన్ దాన్ని అధికారికంగా తన ఖాతాలో వేసుకుంది. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్లనీ, మందునీ తూచే చిన్న కొలత) బుల్లెట్‌ని సెకనుకు 3,600 అడుగులకు పైగా వేగంతో పంపుతుంది. ఆ వేగానికి మూల్యం బ్యారెల్ చెల్లిస్తుంది, దాని సంగతి తరవాత.

వెతుకులాట

వేలం సైట్లు, గన్ షోలు, తాకట్టు దుకాణాలు, చనిపోయినవాళ్ల ఆస్తి వేలాలు, అన్నీ చూశాను. ఇలాంటివి దొరకడం అంత కష్టం కాదు. పాడు చేయనివి దొరకడమే కష్టం. మొదట కనబడింది 220 స్విఫ్ట్ అనే వేరే తూటా పట్టేది. అందమైన కట్టె. కానీ లోపలికి బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపలిని చూపించే సన్నటి పరికరం) పెట్టి చూస్తే, తూటా కూర్చునే చాంబర్ ముందు మూడు అంగుళాల మేర, బుల్లెట్‌ని తిప్పే గాడులు మాసిపోయాయి. రెండోది 22-250యే, 1976దే, కానీ ఎవరో బ్యారెల్ రెండు అంగుళాలు కోసేశారు. మూడోదాన్ని ఫోటోలోనే వదిలేశాను. సీరియల్ నంబరు రూగర్ వెబ్‌సైట్‌లో కొడితే తయారైన ఏడాది వస్తుంది, అది 1979 అని చూపించింది. అమ్మేవాడు మాత్రం "1976 మోడలే సార్" అంటాడు.

ఫోటోలు చూసేటప్పుడు నేను మెరుపు చూడను, స్క్రూ తలలు చూస్తాను. గాడి అంచులు చెదిరిపోయి ఉంటే ఎవరో సరైన బిట్ లేకుండా విప్పారన్నమాట. అంటే లోపల ఏదో చేశారన్నమాట. నాలుగో రైఫిల్ కెంటకీలో ఒక ఆస్తి వేలంలో దొరికింది. దాని ముందు స్క్రూ తల కొంచెం చెదిరే ఉంది. అది చూసీ కొన్నాను, ఎందుకంటే మిగతాదంతా బాగుంది. బ్యారెల్ మీద 1976 వాక్యం చదివేంత స్పష్టంగా ఉంది. బ్యారెల్ పొడవు 24 అంగుళాలు, కోత లేదు. ధర 725 డాలర్లు. "అర అంగుళం గ్రూప్ కొడుతుంది" అని వివరణలో రాశారు. అమ్మకానికి పెట్టిన ప్రతి రైఫిలూ అర అంగుళమే కొడుతుంది కాబట్టి ఆ మాట పట్టించుకోలేదు. ఆ మాట ఒకప్పుడు నిజమేనని తరవాత తెలిసింది.

వేరే రాష్ట్రం నుంచి కొనేటప్పుడు రైఫిల్ నేరుగా ఇంటికి రాదు. మన రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న డీలర్‌కి వస్తుంది. మన పేరు మీద 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి. పెద్దాయన నా షాపులోనే ఆ పని పూర్తిచేశాడు. మనవాళ్లు తరచూ అడుగుతారు కాబట్టి ఒక మాట. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం తుపాకీ కొనడాన్నీ, దగ్గర పెట్టుకోవడాన్నీ నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు వేరు. స్నేహితుడి మాట నమ్మి ఫారంలో టిక్కులు పెట్టొద్దు, అక్కడ తెలిసి తప్పు సమాధానం రాయడమే నేరం.

బల్ల మీదికి వచ్చాక

మొదట ఖాళీగా ఉందని చూశాను, చాంబర్‌లో వేలు పెట్టి మరీ. తరవాత హెడ్‌స్పేస్ గేజీలు, మూసిన బోల్ట్ ముందు తూటాకి ఉన్న చోటు సరిగ్గా ఉందో లేదో చెప్పేవి. గో గేజ్ మీద బోల్ట్ మూసుకుంది, నో-గో మీద మూసుకోలేదు. బోల్ట్‌ని మూసి పట్టి ఉంచే రెండు లగ్గులకు మార్కర్ పూసి ఇరవైసార్లు తెరిచి మూస్తే రెండిటి మీదా రంగు చెరిగింది. అంటే రెండూ భారం మోస్తున్నాయి. ఈ పాత ఎం77కి పాత జర్మన్ మౌజర్ రైఫిళ్ల తరహా పొడవాటి ఎక్స్‌ట్రాక్టర్, అంటే తూటా తొడుగుని వెనక్కి లాగే కొక్కెం, ఉంటుంది. చూసినవాళ్లు తూటా మ్యాగజీన్ నుంచి పైకి వస్తూనే దాని కొక్కేనికి చిక్కుకుంటుందనుకుంటారు. అలా కాదు, తూటాని ముందుకు తోసి, చివర్లో దాని అంచు మీదికి ఎక్కుతుంది. అది లోపం కాదు, డిజైనే అంత.

బోర్‌స్కోప్‌లో రాగి కనబడింది, బుల్లెట్లు ఒరుసుకుంటూ వదిలినది. గాడుల మధ్య కుప్పలుగా, నారింజ రంగులో. మూడు రోజులు రాగి కరిగించే మందు పెట్టి తుడిచాక గానీ ఉక్కు కనబడలేదు. చాంబర్ ముందు రెండు అంగుళాలు ఎండిన చెరువు అడుగులా సన్నటి బీటలు. 22-250కి అది మామూలే, తూటాలోని పేలుడు మందు వేడికి ఉక్కు పైపొర అలా పగులుతుంది. గాడుల అంచులు మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి. బ్యారెల్‌కి ఇంకా ఆయుష్షు ఉంది.

బ్యారెల్ మూతి దగ్గర, క్రౌన్ (బుల్లెట్ బయటికొచ్చే అంచు) మీద, ఆరు గంటల దిక్కున చిన్న నొక్కు. క్లీనింగ్ రాడ్ తగిలి పడినట్టుంది.

అప్పుడు రేంజ్‌కి తీసుకెళ్లాను. మొదట్లో చెప్పిన కాగితం అప్పటిదే.

నేను తప్పుదారి పట్టిన వారం

స్కోప్ మీద మొదట అనుమానం వస్తుంది ఎవరికైనా. బాగా కొడుతుందని తెలిసిన నా స్కోప్ బిగించి చూశాను. మళ్లీ రెండు గుంపులే. అక్కడితో ఆగి, స్టాక్ విప్పి ఆలోచించాల్సింది. కానీ క్రౌన్ మీద నొక్కు కళ్లముందు కనబడుతోంది. కనబడే తప్పును సరిచేయాలనే దురద ఆపుకోవడం కష్టం. బ్యారెల్‌ని లేతులో పెట్టి, క్రౌన్ కొత్తగా కోశాను. తీసింది వెంట్రుకవాసి లోహమే, పొడవులో తేడా కంటికి కనబడదు. అయినా అది తిరిగి అతికేది కాదు. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను. "బ్యారెల్ మీద రాత ఉందిగా?" అని మాత్రం అడిగాడు. ఉందన్నాను.

గ్రూప్ 1.9 నుంచి 1.6కి వచ్చింది. ఆ మెరుగుదలే నన్ను మోసం చేసింది. దారి సరైనదే, ఇంకా ఏదో చిన్నది మిగిలిందనుకున్నాను. మూడు రకాల ఫ్యాక్టరీ తూటాలు మార్చి మార్చి కొట్టాను. అన్నిటితోనూ రెండు గుంపులే. నలభై తూటాలు, ఒక వారం వృథా. నొక్కు నిజమే, దాని వల్ల కొంత నష్టం జరగడమూ నిజమే. కానీ రైఫిల్ రెండు చోట్ల కొట్టడానికి అది కారణం కాదు. చెదిరిన క్రౌన్ గ్రూప్‌ని పెద్దది చేస్తుంది, ఇలా రెండుగా చీల్చదు. రెండు గుంపులున్నాయంటే ఏదో ఒకటి రెండు స్థానాల మధ్య ఊగుతోందని అర్థం. ఆ సంగతి నాకు తెలుసు. పక్కవాడి రైఫిల్ అయితే మొదటి రోజే చెప్పేవాణ్ణి.

స్క్రూలు చెప్పిన కథ

మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిళ్లలో స్టాక్‌ని పట్టి ఉంచే స్క్రూలు కింది నుంచి నిటారుగా పైకి వెళ్తాయి. ఎం77లో ముందు స్క్రూ ఏటవాలుగా ఉంటుంది. తల కింద, కొంచెం వెనక. మర పైన, కొంచెం ముందు, రికాయిల్ లగ్ (రిసీవర్ అడుగున ఉండే లోహపు దిమ్మ) లోపలే. అది బిగిస్తే రిసీవర్ కిందికీ వెనక్కీ ఒకేసారి లాగబడుతుంది. తూటా పేలినప్పుడు దెబ్బ కాచుకునే లగ్ ముఖం కట్టెకు గట్టిగా ఆనుతుంది. తెలివైన ఏర్పాటు. అయితే బెడ్డింగ్, అంటే రిసీవర్ కట్టెలో కదలకుండా కూర్చునేలా ఎపాక్సీ లాంటి కాంపౌండ్ పోయడం, చేసేవాడికి ఆ ఏటవాలు గుర్తుండాలి.

బ్యారెల్‌కి డయల్ గేజ్ బిగించి, దాని ముల్లు స్టాక్ ముందు కొస మీద ఆనించాను. ఒక్కో స్క్రూ వదులు చేసి, బిగించి, ముల్లు ఎంత కదులుతుందో చూడటం. ముందు స్క్రూ 0.003 అంగుళాలు. వెనక స్క్రూ 0.002. ఇవి పరవాలేదు. మధ్య స్క్రూ బిగిస్తుంటే ముల్లు 0.011 దాకా పోయింది. అంటే ఆ స్క్రూ బిగించినప్పుడల్లా రిసీవర్ అరటిపండులా వంగుతోంది. ఎం77లో మధ్య స్క్రూ కింద ఆధారం తక్కువ. దాన్ని ఊడకుండా ఉండేంత బిగిస్తే చాలు. పాత యజమాని మూడిటినీ ఒకే బలంతో బిగించాడు.

మధ్య స్క్రూని వేలి బలంతో ఆపి కొట్టాను. 1.2 అంగుళాలు. గుంపులు దగ్గరయ్యాయి గానీ ఇంకా రెండే.

అప్పుడు స్టాక్ పూర్తిగా విప్పాను. ముందు స్క్రూని లైటు కింద తిప్పి చూస్తే, కాడ మీద ఒక పక్కన మాత్రమే, వేలిగోరంత మేర, అద్దంలా మెరుస్తోంది. మిగతా చుట్టూ నల్లటి పూత చెక్కుచెదరలేదు. లోహం ఊరికే మెరవదు, ఏదో దాన్ని ఒరుస్తుంటేనే మెరుస్తుంది. స్క్రూ వెళ్లే రంధ్రంలో కూడా పాత బెడ్డింగ్ కాంపౌండ్ నిండి, కాడ చుట్టూ అచ్చులా గట్టిపడింది. అంటే పేలిన ప్రతిసారీ దెబ్బ కాచుకోవడానికి ఇద్దరు పోటీ పడుతున్నారు. ఒకసారి లగ్ కాస్తోంది, ఇంకోసారి స్క్రూ కాడ కాస్తోంది. ఎవరు కాస్తే రిసీవర్ వాళ్ల లెక్క ప్రకారం కూర్చుంటుంది. రెండు గుంపుల గుట్టు అదే.

కాంపౌండ్ ఇంకా చాలా చోట్ల ఉంది. లగ్ ముందు, పక్కల, బ్యారెల్ కింద కొస దాకా పోసేశాడు. బ్యారెల్‌కీ కట్టెకీ మధ్య కాగితం ముక్క కూడా దూరలేదు.

మ్యాగజీన్ కోత పక్కన, కట్టె మీద పెన్సిల్‌తో రాసి ఉంది. 83 అక్టోబరు, బెడ్డింగ్, అర అంగుళం.

అతను అబద్ధం రాశాడనుకోను. కెంటకీ తేమ గాలిలో, బెడ్డింగ్ చేసిన ఆ నెలలో, రైఫిల్ అర అంగుళం కొట్టే ఉంటుంది. బిగుతుగా పోసిన బెడ్డింగ్ కొన్నాళ్లు అద్భుతంగా పనిచేస్తుంది. వాల్‌నట్ కట్టె తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. కాంపౌండ్ మాత్రం పోసిన రోజు ఎంతుందో అంతే ఉంటుంది. నలభై ఏళ్లు అక్కడ ఉండి, పొడి గాలి వయోమింగ్‌కి వచ్చిన కట్టె ఆ అచ్చు చుట్టూ బిగుసుకుంది.

తిరిగి కూర్చోబెట్టడం

వెంటనే బెడ్డింగ్ మొదలుపెట్టలేదు. స్టాక్‌ని షాపులో వేలాడదీసి వారానికోసారి తూకం వేశాను. ఆరు వారాల్లో 19 గ్రాములు తగ్గి, ఆగిపోయింది. కట్టె ఇక్కడి గాలికి అలవాటు పడిందన్నమాట. పెద్దాయనకి ఓపిక తక్కువ, ఈ ఆరు వారాల్లో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. కారణం చెబితే, "కట్టె ఎండటానికి కూడా బిల్లు వేస్తావా?" అన్నాడు. వేయలేదు.

మిల్లింగ్ మెషీన్ మీద పాత కాంపౌండ్ అంతా తీసేశాను. బ్యారెల్ కింద కట్టెకు తగలకుండా ఖాళీ వచ్చేలా తోమాను. స్క్రూల చుట్టూ అల్యూమినియం పిల్లర్లు, అంటే కట్టె నలగకుండా ఉంచే గొట్టాలు, పెట్టాను. వెనక, మధ్య పిల్లర్లు సులువు. ముందుదాని రెండు కొసలూ స్క్రూ వాలుకు తగ్గట్టు కోయాలి, లేకపోతే అది ఒక అంచు మీదే ఆనుతుంది. దానికోసమే ఒక సాయంత్రం పట్టింది. మొదట చేసినది చెత్తబుట్టలో పడింది. పిల్లర్ రంధ్రం స్క్రూ కాడ కన్నా బాగా వెడల్పు. అది మళ్లీ ఎక్కడా తగలకూడదు.

రికాయిల్ లగ్ ముందు, పక్కల, అడుగున ఒక పొర టేప్ వేశాను, వెనక ముఖానికి వేయలేదు. ఎపాక్సీ గట్టిపడ్డాక టేప్ తీసేస్తే వెనక ముఖం ఒక్కటే కట్టెకు ఆనుతుంది, మిగతా పక్కల్లో వెంట్రుకంత సందు ఉంటుంది. మ్యాగజీన్ బావిని, ట్రిగర్ రంధ్రాలను పిల్లలాడుకునే క్లేతో మూశాను. ఎపాక్సీ అంటకూడని ప్రతి లోహపు భాగానికీ అతుక్కోకుండా చేసే పూత రెండుసార్లు పూశాను. ట్యాంగ్ సేఫ్టీ జరిగే గాడిని మూడోసారి చూసుకున్నాను. అక్కడ ఎపాక్సీ పారితే తుపాకీ, స్టాక్ జీవితాంతం కలిసే ఉంటాయి. స్క్రూలతో బిగించి లాగకుండా, రిసీవర్ తన బరువుతో కూర్చునేలా రబ్బరు ట్యూబ్ చుట్టి ఒక రాత్రి వదిలేశాను.

పొద్దున రబ్బరు సుత్తితో బ్యారెల్‌ని కింది నుంచి ఒక్కటి తడితే టక్‌మని ఊడి వచ్చింది. ఈ వృత్తిలో నాకు బాగా ఇష్టమైన శబ్దం అది. ఊడేదాకా టెన్షనే. తరవాత బ్యారెల్ కింది కట్టెకు, స్టాక్ చివర భుజానికి ఆనే బట్ ప్లేట్ వెనకాల బయటపడి ఉన్న కట్టెకు కూడా వార్నిష్ పూసి మూసేశాను. తేమ ఎక్కువగా దూరేది ఆ రెండు చోట్ల నుంచే, ఎవరూ పట్టించుకోనివీ అవే.

ముందు స్క్రూ మొదట, 95 అంగుళ-పౌండ్లకు. వెనకది దానికన్నా తక్కువ. మధ్యది తాకితే చాలు. డయల్ గేజ్ మళ్లీ పెట్టాను. ఏ స్క్రూకీ ముల్లు 0.002 దాటలేదు.

అడిగినవి, చేసినవి

ట్రిగర్ అసలుదే ఉంచాను. పాత ఎం77 ట్రిగర్‌ని సర్దుకోవచ్చు, మార్క్ 2తో పోలిస్తే దీనికున్న పెద్ద సుఖం అదే. నలభై ఏళ్ల జిడ్డు కడిగాక 3 పౌండ్ల లాగుడుకు శుభ్రంగా తెగింది. రెండు పౌండ్లకు తగ్గించమన్నాడు. సర్ది, కాక్ చేసి, స్టాక్‌ని రబ్బరు సుత్తితో అన్ని వైపులా కొట్టి, బోల్ట్‌ని బలంగా మూసి, సేఫ్టీ పెట్టి ట్రిగర్ లాగి, వదిలి, సేఫ్టీ తీసి చూశాను. ఖాళీ చాంబర్‌తోనే. ఇరవైసార్లలో ఒకసారి ట్రిగర్ లాగకుండానే దెబ్బ పడింది. ఇరవైసార్లలో ఒకసారి అంటే నా లెక్కలో ప్రతిసారీ పడినట్టే. రెండున్నరకు పెంచితే వందసార్లు కొట్టినా కదల్లేదు. అక్కడే ఆపాను.

మూతికి బ్రేక్, అంటే ఎదురుదెబ్బ తగ్గించే తొడుగు, పెట్టమన్నాడు. కారణం సబబే. పేలిన తరవాత కూడా స్కోప్‌లో లక్ష్యం కనబడాలి, బుల్లెట్ ఎక్కడ పడిందో కళ్లారా చూడాలి. వార్మింట్ షూటర్‌కి సగం ఆనందం అదే. కానీ దానికి మూతికి మరలు కోయాలి. క్రౌన్ సంగతి అయ్యాక ఆ బ్యారెల్ మీద ఇంకో కోత పెట్టే ధైర్యం నాకు లేదు. బదులుగా బట్ ప్లేట్ వెనక ఉన్న ఖాళీలో సీసపు గుళ్ల సంచి పెట్టాను. సుమారు 9 పౌండ్ల రైఫిల్ ఇంకో పౌండు బరువెక్కింది. ముందు భాగం అడుగున, స్లింగ్ కొక్కెం రంధ్రానికే బిగిసేలా ఒక చదునైన పలక చేశాను, ఇసుక సంచి మీద పక్కలకు దొర్లకుండా. చెంప ఎత్తుకు పట్టీతో కట్టుకునే తొడుగు. ఇవన్నీ పది నిమిషాల్లో విప్పేసి 1976 నాటి రూపానికి తెచ్చుకోవచ్చు. మార్చేసిన అసలు ముందు స్క్రూని, దాని మీది మెరుపుతో సహా, ఒక సంచిలో వేసి ఇచ్చాను.

స్కోప్ 6-18 పవర్‌ది. ఎం77 రిసీవర్ మీదే స్కోప్ రింగుల స్థానాలు కోసి ఉంటాయి. రూగర్ రింగులు నేరుగా వాటి మీద కూర్చుంటాయి, మధ్యలో బేస్ అక్కర్లేదు. వదులయ్యే జాయింటు ఒకటి తగ్గింది.

తూటాల దగ్గర ఎంపిక మనది కాదు, ట్విస్ట్‌ది, అంటే బ్యారెల్ గాడుల మెలికది. ఈ బ్యారెల్ గాడులు 14 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. 50 నుంచి 55 గ్రెయిన్ల బుల్లెట్లకు అది హాయి. ఈ మధ్య ఫ్యాషనైన పొడవాటి బరువు బుల్లెట్లు వేస్తే తగినంత చుట్టు అందక కాగితానికి అడ్డంగా తగులుతాయి. తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లలో 22-250కి పేరున్న పేలుడు మందు హెచ్380. ఆ మందు కంపెనీ పెట్టిన బ్రూస్ హాడ్జ్‌డన్ తన 22-250లో 52 గ్రెయిన్ల బుల్లెట్ వెనక 38.0 గ్రెయిన్లు వాడేవాడు, మందుకు ఆ పేరు అందుకే వచ్చింది. అది ఆయన రైఫిల్ లెక్క, మనం మొదలుపెట్టాల్సింది నేటి లోడింగ్ మాన్యువల్ చెప్పిన కనిష్ఠం నుంచి. పైగా ఆ మందు ఎండకు వేగం మారుస్తుంది. ప్రెయిరీ డాగ్ వేట జులై ఎండలోనే. అందుకని ఎండకు అంతగా చలించని వార్గెట్ అనే మందుకి మారాం, 52 గ్రెయిన్ల బుల్లెట్‌తో.

ఫ్యాక్టరీ తూటాలతో ఐదేసి గుళ్ల ఐదు గ్రూపుల సగటు 0.84 అంగుళాలు. సొంతంగా నింపినవాటితో 0.58. గాలి లేచిన ఒక గ్రూప్ 0.9 వచ్చింది, దాన్నీ లెక్కలో ఉంచాను. ముఖ్యంగా ఏ కాగితం మీదా రెండు గుంపులు లేవు. బెడ్డింగ్‌కి ముందే ప్రయోగంగా స్క్రూ రంధ్రాన్ని మాత్రం వెడల్పు చేసి కొట్టినప్పుడే గుంపులు కలిసిపోయాయి. మిగతా పనంతా ఆ ఒక్క గుంపును చిన్నది చేయడానికే.

ఒక షరతు మీద రైఫిల్ ఇచ్చాను. ఐదు కొట్టాక బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేదాకా ఆగాలి. ప్రెయిరీ డాగ్ ఊరి అంచున కూర్చుంటే ఒక పొద్దున వంద తూటాలు ఊరికే ఖర్చవుతాయి. అలా వేడెక్కిన 22-250 థ్రోట్ (చాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటు) ఎంత తొందరగా కాలిపోతుందో చాలాసార్లు చూశాను. దగ్గరివాటికి 223 అనే చిన్న తూటా రైఫిల్ పట్టుకెళ్లమన్నాను, దూరానికి ఇది. ఇచ్చేముందు ఒక బుల్లెట్ గాడులకు తాకే చోటు కొలిచి రాసుకున్నాను. సెప్టెంబరులో తిరిగి తెచ్చినప్పుడు మళ్లీ కొలిచాను, 0.004 అంగుళాలు ముందుకు జరిగింది. రెండు వందల పైచిలుకు తూటాలు కొట్టాడట. నేను భయపడినంత లేదు.

275 గజాల దగ్గర ఒకటి కొట్టానని, స్కోప్‌లో దుమ్ము లేవడం కూడా చూశానని చెప్పాడు. సీసపు సంచి పనిచేసిందన్నమాట అన్నాను. పనిచేసింది గానీ, అని కాసేపు ఆగి, మూతికి బ్రేక్ పెట్టడానికి ఎంత అవుతుందని అడిగాడు.